బొమ్మిడాయికి ముందు భయం తీరాలి



బొమ్మిడాయి అనగానే మన కోనసీమలో చాలామందికి పొయ్యి మీద దాకలో కుతకుతలాడే పులుసే గుర్తొస్తుంది. వేసవిలో అయితే అందులో రెండు మామిడికాయ ముక్కలు కూడా పడాలి. ఈ రోజు నేను మాట్లాడేది ఆ పులుసు గురించి కాదు. అదే బొమ్మిడాయిని ప్రాణంతో తెచ్చి గాజు తొట్టిలో పెంచుకోవటం గురించి, తొట్టిలోకి వచ్చాక అది తిండి ముట్టకుండా ఎందుకు దాక్కుంటుందో, దానిచేత ఎలా తినిపించాలో, ఆ సంగతుల గురించి.

మన ఉప్పలగుప్తం మండలంలో ఇళ్ళల్లో ఆక్వేరియం ఇప్పుడు వింత కాదు. గోల్డ్ ఫిష్, గప్పీ, ఫైటర్ చేపలు అమలాపురంలో దొరుకుతున్నాయి. పిల్లలు సరదా పడతారు, పెద్దవాళ్ళు కొనిపెడతారు. ఈ మధ్య కొందరు కుర్రాళ్ళు దుకాణం చేపలతో తృప్తి పడక, మన బోదెల్లో, పంట కాలువల్లో దొరికే చేపల్ని తెచ్చి పెంచుతున్నారు. ఇది నాకు చాలా ఇష్టమైన మార్పు. వాళ్ళలో ఒకడు, ఇంటర్ చదివే కుర్రాడు, నా దగ్గరికి వచ్చి, "మాస్టారూ, బొమ్మిడాయిని తెచ్చి వారం దాటిందండి. ఒక్క గింజ మేత ముట్టలేదండి. అసలు కనపడటమే లేదు. చచ్చిపోద్దంటారా?" అని అడిగాడు. అతని ముఖంలో దిగులు చూస్తే ఇంట్లో మనిషికి ఒంట్లో బాగాలేనట్టే ఉంది. "చావదురా అబ్బాయీ, అది నిన్ను చూసి హడలిపోయి ఉంది. ఆకలి కంటే ముందు దాని భయం తీరాలి" అన్నాను. అతనికి ఆ పూట చెప్పినవీ, తరవాత తరవాత చెప్పినవీ కలిపి ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను.

ముందు ఆ చేప ఎవరో తెలుసుకోవాలి. ఆక్వేరియం దుకాణాల్లో పొడుగ్గా, పాములా ఉన్న ప్రతి చేపనూ ఈల్ అనే అమ్ముతారు. దాంతో ఒకదానికి చెప్పాల్సిన వైద్యం ఇంకోదానికి చేస్తారు. అసలైన ఈల్ మన మలుగుపాము. అది నదుల్లో, కాలువల్లో పెరిగి, గుడ్లు పెట్టటానికి సముద్రానికి వెళుతుంది. బొమ్మిడాయి ఆ వంశానిది కాదు. మంచినీళ్ళలోనే పుట్టి, మంచినీళ్ళలోనే పెరిగి, వానాకాలంలో నీటి మొక్కల మధ్య గుడ్లు పెట్టే చేప ఇది. వీపు మీద వరసగా చిన్న చిన్న ముళ్ళుంటాయి. పెద్ద బొమ్మిడాయికైతే 32 నుంచి 39 దాకా. మామూలుగా అవి ఒంటికి అంటుకుని పడుకుని ఉంటాయి. చెయ్యి పడితే లేస్తాయి. బొమ్మిడాయిని శుభ్రం చేసే ఆడవాళ్ళకు ఆ ముళ్ళ సంగతి నేను చెప్పక్కర్లేదు. అందుకే పుస్తకాల్లో దీన్ని ముళ్ళ ఈల్ అంటారు.

వీటిలో మన వైపు కనపడేవి ముఖ్యంగా మూడు రకాలు. ఒళ్ళంతా గోధుమరంగు మీద వల అల్లినట్టు నల్లటి వంకర గీతలుండేది మొదటిది. దీన్ని 1800 సంవత్సరంలో ఫ్రెంచి శాస్త్రవేత్త లాసెపేడ్ లోకానికి పరిచయం చేశాడు. ఇది పాకిస్తాన్ నుంచి వియత్నాం దాకా ఉంది, పెరిగితే 90 సెంటీమీటర్ల దాకా పోతుంది. వీపు రెక్క మొదట్లో వరసగా నల్లని కంటి మచ్చలుండేది రెండోది. జానెడు దాటటం అరుదైన చిన్నది మూడోది. దీన్ని ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల మీద 1822లో అచ్చువేసిన పెద్ద పుస్తకంలో వర్ణించాడు. మనం పులుసులో వేసుకునే ఈ చేపల్ని కలకత్తా మీదుగా విదేశాల ఆక్వేరియంలకు ఎగుమతి చేస్తారు. ఐరోపాలో, అమెరికాలో వాటిని ముద్దుగా పెంచుకుంటారు. అక్కడా పెంపకందార్లకు మొదటి కష్టం ఇదే, కొత్తగా తెచ్చిన చేప తిండి తినకపోవటం.

హామిల్టన్ అదే పుస్తకంలో ఇంకో చేపను కూడా వర్ణించాడు. మన దేశపు నదుల మొగల్లో, ఆటుపోట్లు తగిలే ఉప్పు నీళ్ళలో బతికే మోరే జాతి ఈల్ అది. దుకాణాల్లో దాన్ని మంచినీటి మోరే అని అమ్ముతుంటారు. మంచినీళ్ళలో పెడితే అది కొన్నాళ్ళు బాగానే ఉన్నట్టు కనిపించి, తరవాత తిండి మానేస్తుంది. దానికి కావలసింది ఉప్పు. బొమ్మిడాయికి కావలసింది చీకటి. రెండూ పాముల్లా ఉన్నాయి కదా అని రెండిటికీ ఒకే మందు వేస్తే లాభం లేదు. మీ ఇంట్లో ఉన్నది ఏదో ముందు నిర్ధారించుకోండి. మూతి చివర చిన్న తొండం లాంటిది కదులుతూ ఉంటే, వీపు మీద ముళ్ళుంటే, అది బొమ్మిడాయే.

ఆ తొండాన్ని ఒకసారి శ్రద్ధగా చూడండి. పై పెదవికి ముందు కండతో సాగిన కొస అది. దాని చివర అటూ ఇటూ రెండు చిన్న గొట్టాలుంటాయి, అవే ముక్కు రంధ్రాలు. బొమ్మిడాయి బతుకంతా ఆ కొస మీదే ఆధారపడి ఉంది. పగలంతా ఇసకలోనో, ఒండ్రులోనో, గుర్రపుడెక్క వేళ్ళ మధ్యో ఒళ్ళు దాచుకుని, మూతి మాత్రం బయటపెట్టి ఉంటుంది. పొద్దుగూకాక బయలుదేరి, నేల మీద ఆ కొసతో తడుముకుంటూ, వాసన పట్టుకుంటూ పోతుంది. దొరికేవి పురుగులు, ఎర్రలు, చిన్న రొయ్యలు, అప్పుడప్పుడూ చేప పిల్లలు. కంటితో చూసి వేటాడటం కంటే వాసనతో వెతకటం దీనికి బాగా తెలుసు. పగలు బయట తిరిగితే కొంగ ఉంది, కొర్రమీను ఉంది, నీటికాకి ఉంది. వెలుతురంటే దానికి ప్రాణభయం.

ఇప్పుడు మనం చేసే పనిని దాని వైపు నుంచి చూడండి. వలలోంచో, మావులోంచో తీసి, బక్కెట్టులో వేసి, మోటారు సైకిలు మీద కుదుపుతూ తెచ్చి, నాలుగు వైపులా గాజు ఉన్న తొట్టిలో వదులుతాం. పైన తెల్లటి లైటు వేస్తాం. అడుగున రంగు రంగుల గులకరాళ్ళు పరుస్తాం. వాటిలో ఒళ్ళు దాచుకునే వీలు లేదు, దూరితే చర్మం గీరుకుపోతుంది. పిల్లలు వచ్చి గాజు మీద వేళ్ళతో కొడతారు. పగటిపూట నీటి మీద తేలే గింజల మేత వేస్తాం. అది తినాలని ఎదురుచూస్తాం. ఆ గింజలు దానికి తిండిలాగే అనిపించవు, అనిపించినా వెలుతుర్లో పైకి వచ్చి తినేంత ధైర్యం ఆ స్థితిలో దానికి ఎక్కడిది?

అందుకని మొదటి పని ఇసక. సన్నటి ఇసక, కనీసం రెండు మూడు అంగుళాల మందం. గోదావరి ఇసక మనకు దగ్గరే. అయితే ఇంటి కట్టుబడికి తెచ్చిన ముతక ఇసక అలాగే పోయకండి. సన్నటి జల్లెడ పట్టి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగండి. యస్.యానం సముద్రపు ఒడ్డు మన మండలంలోనే ఉంది కదా అని అక్కడి ఇసక మాత్రం వద్దు. అందులో ఉప్పు ఉంటుంది, గవ్వల పొడి ఉంటుంది. ఆ పొడి నీటిలో సున్నాన్ని పెంచుతూనే ఉంటుంది. ఇసక పోసిన మొదటి రాత్రే బొమ్మిడాయి తలకిందులుగా ఒంటిని ఆడిస్తూ అందులో దిగిపోవటం చూస్తారు. అది కనపడలేదని బెంగ పెట్టుకోకండి. దాక్కునే చోటు దొరికిందంటే సగం భయం పోయినట్టే.

తరవాత గొట్టాలు. ఇంటి వైరింగుకు వాడగా మిగిలిన పీవీసీ పైపు ముక్కలు, అంచులు ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది, రెండు మూడు అడుగున పెట్టండి. చేప ఒంటి లావుకు కాస్త వదులుగా ఉంటే చాలు. దానికి ఒళ్ళు గొట్టానికి తగులుతూ ఉండటమే ఇష్టం. పైన గుర్రపుడెక్క కాదు గానీ, అంతరతామర లాంటి తేలే మొక్కలు కొన్ని వేస్తే వెలుతురు మసకబారుతుంది. తొట్టి ఎత్తు ముఖ్యం కాదు, నేల ముఖ్యం. చిన్న రకానికి మూడడుగుల పొడవు తొట్టి సరిపోతుంది. పెద్ద రకాన్ని జీవితాంతం పెంచుదామనుకుంటే అయిదడుగుల తొట్టి కూడా ఇరుకే.

మూత సంగతి గట్టిగా చెప్పాలి. బొమ్మిడాయి చచ్చిపోయిన ఇళ్ళల్లో ఆకలితో చచ్చినవాటికంటే తొట్టిలోంచి పాకి బయటపడి, మంచం కిందో బీరువా వెనకో ఎండిపోయినవే ఎక్కువ అని నా నమ్మకం. ఎయిర్ పైపు పోయే సందు చాలు దానికి. పైపు వెంబడే పాకుతుంది. ప్రతి సందులోనూ స్పాంజి కుక్కండి. మూత మీద బరువు పెట్టండి. ఫిల్టరు నీళ్ళు పీల్చే మూతికి కూడా స్పాంజి తొడగండి, లేకపోతే దాన్లో దూరి ఇరుక్కుంటుంది.

నీటి విషయంలో మన రైతులకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. అమ్మోనియా, పీహెచ్, సెలినిటీ, డీవో ఈ మాటలన్నీ మన మండలంలో అరుగుల మీద వినిపించే మాటలు. చెరువు గట్టున టెస్ట్ కిట్ పట్టుకు తిరిగేవాళ్ళు ఇంట్లో తొట్టికి ఆ జాగ్రత్త ఎందుకు చూపించరో నాకు అర్థం కాదు. తీరం దగ్గరి ఊళ్ళల్లో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. బొమ్మిడాయి కొద్దిపాటి ఉప్పు తట్టుకుంటుంది గానీ, ఒక్కసారిగా మార్చితే తట్టుకోదు. పంచాయతీ కుళాయి నీళ్ళల్లో బ్లీచింగ్ ఉంటుంది, ఒక రోజంతా బక్కెట్లలో ఉంచి గాలి ఆడిస్తే క్లోరిన్ పోతుంది. కొత్త తొట్టిలో మాలిన్యాన్ని విరిచే సూక్ష్మజీవులు నిలదొక్కుకోవటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంచేత ముందు తొట్టి, ఆ తరవాత నెలా నెలన్నరకు చేప. చాలామంది రెండూ ఒక్కరోజే తెస్తారు. అమ్మోనియా పెరిగిన నీళ్ళలో ఏ చేపా తిండి తినదు, అప్పుడు ఎన్ని రకాల మేతలు మార్చినా దండగే.

ఇక మేత.

మొదటి రెండు మూడు రోజులు ఏమీ వెయ్యకండి. ఇది చెప్తే అందరూ బాధపడతారు. ఇంటికొచ్చినవాడికి అన్నం పెట్టకుండా ఎలా ఉంటామని మన మనసు ఒప్పుకోదు. కానీ చేపది వేడి రక్తం కాదు. ఒంటిని వెచ్చగా ఉంచుకోవటానికి మనలాగా రోజూ ఇంధనం దానికి అక్కర్లేదు. పుష్టిగా ఉన్న చేప వారాల తరబడి తిండి లేకుండా ఉండగలదు. నిజమైన ఈల్ సంగతైతే ఇంకా ఆశ్చర్యం. ఐరోపా మలుగుపాము గుడ్లు పెట్టటానికి అట్లాంటిక్ సముద్రంలో వేల కిలోమీటర్లు ఈదుతుంది, ఆ దారిలో అసలు తిండే తినదు. దాని పేగులే కుంచించుకుపోతాయి.      బొమ్మిడాయికి అంతటి ఉపవాస శక్తి లేదు, ముఖ్యంగా వేలెడు పిల్లకు లేదు. అయినా మూడు రోజుల పస్తు దానికి ముప్పు కాదు.

మూడో రోజో నాలుగో రోజో, పొద్దుగూకాక, ఇంట్లో లైట్లు ఆర్పాక, ఎర్ర వెయ్యండి. గాలానికి గుచ్చే ఎర్రే, వానపాము. బొమ్మిడాయికి దాని మీద ఉన్నంత మోజు ఇంక దేని మీదా ఉండదు. తడి వాసన పట్టిందంటే ఇసకలోంచి తొండం బయటికొస్తుంది. ఎర్రల్ని కొబ్బరిచెట్ల మొదళ్ళ దగ్గర, గిన్నెలు కడిగే చోట తవ్వుకోవచ్చు. పురుగుమందు కొట్టిన చేలోవి వద్దు. తవ్వాక ఒక రోజు తడిగుడ్డలో ఉంచితే కడుపులో మట్టి పోతుంది. అప్పుడు కడిగి, చేప నోటికి పట్టేలా చిన్న ముక్కలు చెయ్యండి. దాని నోరు ఒంటి లావుతో పోలిస్తే చాలా చిన్నది. ఒక హెచ్చరిక, వర్మీ కంపోస్టు తొట్లలో పెంచే సన్నటి ఎర్రటి వానపాములున్నాయే, వాటిని ముట్టుకుంటే చేదు ద్రవం వదులుతాయి. చాలా చేపలు వాటిని నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తాయి. మొదటి మేతకే అలాంటిది వేస్తే మళ్ళీ అది దగ్గరకు రావటానికి ఆలస్యమవుతుంది. మురుగు కాలవల్లో గుత్తులుగా దొరికే ఎర్రటి సన్నపురుగులు కూడా వద్దు, వాటితో రోగాలు వస్తాయి.

ఎర్రను ఎక్కడ పడితే అక్కడ వేస్తే ఇసకలో దూరిపోతుంది, కుళ్ళుతుంది. ఇక్కడే మన రొయ్యల రైతు తెలివి పనికొస్తుంది. చెరువులో మేత చల్లాక రైతు ఏం చేస్తాడు? చెక్ ట్రేలో కొంత మేత పెట్టి నీళ్ళలోకి దించుతాడు. గంటో రెండు గంటలో ఆగి పైకి లాగి చూస్తాడు. మిగిలిందా, ఖాళీ అయిందా, రొయ్య పేగులో మేత కనపడుతోందా, పొర విడిచిందా, అన్నీ ఆ ట్రేలో చదువుతాడు. దాన్ని బట్టి రేపటి మేత పెంచుతాడు, తగ్గిస్తాడు. నీటి అడుగున కంటికి కనపడని ప్రాణి ఆకలిని లెక్కగట్టే పద్ధతి అది. బొమ్మిడాయికి కూడా అదే చెయ్యండి. అరంగుళం లోతున్న చిన్న మట్టి మూకుడు తీసుకుని, అంచు ఇసకతో సమానంగా వచ్చేలా, గొట్టం మూతికి దగ్గరగా పాతండి. రోజూ ఆ మూకుట్లోనే ఎర్ర ముక్కలు. తెల్లారాక చూడండి. మిగిలితే తీసెయ్యండి. ఒకటి తగ్గినా చేప తిన్నట్టే. ఆ కుర్రాడు ఇది వినగానే, "మా నాన్న రోజూ చేసేదేనండీ!" అని సంబరపడ్డాడు. తండ్రికి తెలిసిన విద్య తన తొట్టిలోకి కూడా వస్తుందని అతనికి అప్పటిదాకా తట్టలేదు. తరవాత తండ్రే కూర్చుని తొట్టి నీళ్ళు పరీక్ష చేసి పెట్టాడట.

తొట్టిలో వేరే చేపలుంటే కథ మారుతుంది. పరిగెలు, గోల్డ్ ఫిష్ లాంటివి చురుకైనవి. బొమ్మిడాయి తొండం బయటపెట్టేలోపు మూకుడు ఖాళీ చేస్తాయి. మీరు పొద్దున్న చూసి, తినేసింది అనుకుంటారు. బొమ్మిడాయి మాత్రం ఆకలితో ఎండిపోతుంటుంది. అందుకని మేత అలవాటయ్యేదాకా దాన్ని ఒంటరిగా ఉంచండి. కుదరకపోతే పొడవాటి సన్నని గొట్టం ఒకటి నిలువుగా పట్టుకుని, దాన్లోంచి ఎర్ర ముక్కను సరిగ్గా దాని మూతి ముందుకు జారవిడవండి. పొడవాటి పట్టకారుతోనూ ఇవ్వవచ్చు, కాకపోతే మొదట్లో పట్టకారు నీడకే అది బెదురుతుంది. ఎర్రటి జీరో బల్బు వెలుతురులో కూర్చుంటే మనకు కనపడుతుంది, దానికి అంత బెదురు ఉండదు.

మేత అలవాటయ్యాక మాత్రం ఒకటి రెండు నెమ్మదస్తులైన చిన్న చేపల్ని పైన తిరగనివ్వటం మంచిది. పైన చేపలు నిశ్చింతగా తిరుగుతుంటే, దగ్గర్లో వేటాడేది ఏదీ లేదని కింద ఉన్నదానికి అర్థమవుతుంది. పిరికి చేపకు ధైర్యం ఇంకో చేప నుంచి వస్తుంది.

మనుషుల నుంచి కూడా వస్తుంది. చాలామంది, సిగ్గుపడే చేప కదా, దాని దగ్గరికే వెళ్ళకూడదు అనుకుంటారు, కానీ అది పొరపాటు. టోక్యోలో సుమిదా ఆక్వేరియం అని ఒకటుంది. అక్కడ ఇసకలో నిలువునా దిగి తలలు మాత్రం పైకి పెట్టే తోట ఈల్స్ సుమారు 300 ఉన్నాయి. రోజూ వేలమంది చూడటానికి వచ్చేవాళ్ళు కాబట్టి వాటికి మనుషులంటే బెదురు పోయింది. 2020లో కరోనా వచ్చి ఆక్వేరియం మూతపడింది. కొన్ని వారాలు గడిచేసరికి, అక్కడ పనిచేసేవాళ్ళు పక్కనుంచి నడిచినా సరే, అవన్నీ ఇసకలోకి దిగిపోవటం మొదలుపెట్టాయి. వాటి ఆరోగ్యం ఎలా ఉందో చూసుకోవటం కూడా కష్టమైంది. అప్పుడు ఆ సంస్థవాళ్ళు తొట్టి ముందు అయిదు టాబ్లెట్ ఫోన్లు పెట్టి, మే 3 నుంచి 5 దాకా, వీడియో కాల్ చేసి ఈ చేపలకు మీ ముఖం చూపించండని జనాన్ని కోరారు. చెయ్యి ఊపండి, మాట్లాడండి, కేకలు మాత్రం పెట్టకండి అన్నారు. ఎంత చక్కని ఆలోచన! మనుషులు కనపడకపోవటం వల్ల ఆ చేపలకు నెమ్మది రాలేదు, బెదురు పెరిగింది.

కాబట్టి మీ బొమ్మిడాయిని చీకటి గదిలో వదిలెయ్యకండి. రోజూ ఒకే వేళకు, ఒకే మనిషి, ఒకే వైపు నుంచి వచ్చి కూర్చోండి. గాజు మీద కొట్టవద్దు. చెయ్యి పెట్టి గొట్టాలు కదపవద్దు. తిన్నదా లేదా అని ఇసక కెలికి చూడటం అన్నిటికంటే చెడ్డ అలవాటు. అలా కెలికినప్పుడల్లా మళ్ళీ మొదటికొస్తుంది. మీ అడుగుల చప్పుడు తరవాత ఎర్ర వస్తుందని కొన్నాళ్ళకు దానికి తెలుస్తుంది. అప్పుడు మీరు వచ్చేసరికే గొట్టం లోంచి తొండం బయటపెట్టి ఉంటుంది. ఇంకొన్నాళ్ళకు పట్టకారులోంచి అందుకుంటుంది. కొన్ని ఇళ్ళల్లో అయితే చేతిలోంచే తింటాయి. చేపకు మనిషి గుర్తుంటాడా అని నన్ను అడుగుతారు. మేత ఇచ్చే మనిషి గుర్తుంటాడు, నాకు అందులో సందేహం లేదు.

ఎర్ర మీద స్థిరపడ్డాక మెల్లిగా ఇతర మేతలు కలపండి. వారంలో ఒక రాత్రి పచ్చి రొయ్య ముక్క, ఒలిచి సన్నగా తరిగి. మన దగ్గర రొయ్యకు కరువు లేదు. ఒక రాత్రి దుకాణంలో దొరికే, గడ్డకట్టించిన రక్తపురుగులు, వాటిని కరిగించి వెయ్యాలి. గింజల మేత దాదాపు ముట్టదు, దాని మీద పట్టుదల వద్దు. రెండు రాత్రులకోసారి మేత చాలు.

ఇవన్నీ చేసినా తినకపోతే అప్పుడు దాని ఒళ్ళు చూడాలి. తల వెనక వెన్ను పలచబడి, పొట్ట లోపలికి పోయిందా? పగలు కూడా ఇసక పైనే పడి ఉంటోందా? మాటిమాటికీ పైకొచ్చి గాలి మింగుతోందా? ఒంటి మీద తెల్లటి చుక్కలో, ఎర్రటి గీరులో ఉన్నాయా? వీటిలో ఏది కనపడినా ముందు నీళ్ళు పరీక్షించండి, మూడో వంతు నీళ్ళు మార్చండి. చెరువు కోసం ఇంట్లో ఉంచిన మందుల్ని మాత్రం తొట్టిలో పొయ్యవద్దు. బొమ్మిడాయి పొలుసులు చాలా సన్నవి, చర్మం మెత్తనిది. మిగతా చేపలు తట్టుకునే మోతాదు దీన్ని చంపేస్తుంది. కాలువలోంచి వచ్చిన చేప కడుపులో పురుగులు ఉండటం మామూలే, తింటున్నా చిక్కిపోతుంటే అదే కారణం కావచ్చు. అలాంటప్పుడు మత్స్యశాఖ వాళ్ళనో, చేపల వైద్యం తెలిసినవాళ్ళనో అడిగి మందు వాడాలి.

ఒక చోటు నుంచి ఇంకో చోటికి మార్చాల్సి వస్తే వల వాడకండి. వీపు ముళ్ళు వలలో చిక్కుకుంటాయి, విడిపించబోతే చేపకూ గాయం, మీ వేళ్ళకూ గాయం. అది దూరి ఉన్న గొట్టాన్నే రెండు వైపులా అరచేతులతో మూసి, గొట్టంతో సహా ఎత్తి మార్చటం అన్నిటికంటే సుఖమైన పద్ధతి.

ఎక్కడి నుంచి తేవాలి అన్నది చివరి ప్రశ్న. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి నీళ్ళు కాలువలుగా, కాలువలు బోదెలుగా మన చేల దాకా వచ్చాయి. ఆ నీళ్ళతోపాటు బొమ్మిడాయీ ఇంటి ముంగిట్లోకి వచ్చింది. ఉప్పలగుప్తం ఆ కాలువలకు శివారు. నీళ్ళు అందరికంటే ఆఖరున మనకు అందుతాయి, అందరి మురుగూ మన మీదుగా సముద్రంలోకి పోతుంది. చేల మందులు, చెరువుల నీళ్ళు, సముద్రపు పోటుకు ఎదురెక్కే ఉప్పు, అన్నీ కలిసే చోటు ఇది. కూనవరం డ్రెయిన్ గట్టున పెద్దవాళ్ళను అడగండి, ఒకప్పుడు బొమ్మిడాయిలు ఎలా దొరికేవో చెప్తారు. అందుకే ఇంట్లో పెంచేవాళ్ళకు నేను చెప్పేది, ఒక్కటి చాలు, అదీ చిన్న రకానిది. వేసవిలో కాలువలు కట్టేశాక గుంటల్లో నీళ్ళు ఇంకుతున్నప్పుడు, ఎలాగూ కొంగల పాలో ఎండ పాలో అయ్యేవాటిలోంచి ఒకటి తీసుకోండి. సాయంత్రం చల్లబడ్డాక, అదే గుంట నీళ్ళతో, మూత ఉన్న బక్కెట్టులో తెచ్చుకోండి.

పెద్ద రకానిది తెచ్చి, అది తొట్టికి మించి పెరిగితే, తెచ్చిన కాలువలోనే జూన్‌లో నీళ్ళు వదిలాక విడిచిపెట్టవచ్చు. దానికి ఒక షరతు ఉంది. తొట్టిలో దుకాణం చేపలు ఏవీ దానితో కలిసి ఉండి ఉండకూడదు, వాటి రోగాలు కాలువకు చేరతాయి. దుకాణం చేపల్ని అయితే ఎట్టి పరిస్థితుల్లోనూ కాలువలో వదలవద్దు. ఒంటి నిండా గట్టి పలకలతో ఉండే, డెవిల్ ఫిష్ అని మనవాళ్ళు పిలిచే చేప ఇప్పుడు ఆంధ్ర చెరువుల్లో, కాలువల్లో వలల్ని చింపుతోంది. అది దక్షిణ అమెరికా చేప. ఆక్వేరియంలలో పాచి తింటుందని తెచ్చుకున్నదే అలా బయటపడింది. అలాంటివి పెంచలేకపోతే ఇంకొకరికి ఇవ్వండి, దుకాణానికి తిరిగి ఇవ్వండి.

ఆ కుర్రాడి బొమ్మిడాయి ఇప్పుడు మూకుట్లో ఎర్ర తింటోంది. దీపాలు పెట్టే వేళకు వాళ్ళ నాయనమ్మ తొట్టి ముందు పీట వేసుకుని కూర్చుంటుందట. ఎర్రలు తవ్వే పని మనవడిది, వెయ్యటం ఆవిడది. మీ ఇళ్ళల్లో తిండి ముట్టని బొమ్మిడాయి ఉంటే, ఈ రాత్రికి లైటు ఆర్పి, ఇసక సరిచూసి, మూత సందులు మూసి, రేపు సాయంత్రానికి ఎర్రలు సిద్ధం చేసుకోండి.